ఇరవై ఒకటో దినం దాకా

వరంగల్ల, కాన్పుల దవఖానల
పుట్టిన ప్రతి పిల్లకు, పిల్లగానికి
మణికట్టు మీద ఒక ప్లాస్టరు ముక్క:
బేబీ ఆఫ్ స్వరూప.
బేబీ ఆఫ్ మంజుల.
అంటే ఫలానామె బిడ్డ. అంతే.
ఇరవై ఒకటో దినం దాకా
ఊరున్నా పేరు లేని మనుషులు.

ముప్పై ఒక్క ఏండ్లు ఆయమ్మ కొలువు చేసిన.
నెత్తురు బట్టలు మోసిన, నేల తుడ్సిన,
దొంగతనంగ పేర్లు పెట్టిన.
ఒళ్లు తుడ్సుకుంట చెవుల చెప్తె
ఎవలకు తెలుస్తది?

పాకాల చెరువు మత్తడి దుంకిన రాత్రి
నర్సంపేట నుంచి ట్రాక్టర్ల వచ్చిందొకామె.
తొవ్వ పొడుగూత మోకాలు మంటి నీళ్లట.
మొగపిల్లగాడు. ఏడుపు షురువైతె కట్ట లేదు, తూము లేదు.
వాని పేరు మత్తడి.

పరకాల పిల్ల, పదహారు వందల గ్రాములు.
నెత్తి మీద తెల్లటి నూగు.
గునుగుకు ఎవలు నీళ్లు పోసిండ్రు?
చెల్కల దానంతటదే లేస్తది,
తంగేడు పక్కన తలెత్తుకొని నిలవడ్తది.
గునుగూ, గునుగూ అని పిల్చిన.
పద్దెనిమిదో నాటికి రెండు కిలోలు.

కరెంటు పోయిన రాత్రి కవలలు, ఇద్దరాడపిల్లలే.
చేతిలైటు వెలుగుల వచ్చింది బ్యాటరి.
ఐదు నిమిషాలకు కరెంటొస్తె, దానెంబడే బుగ్గ.
బుగ్గకు బుగ్గలు గూడ ఉండె.
సిస్టరమ్మ చూసి,
ఏందే ఓదెమ్మా, ఒక్కదానివే నవ్వుతున్నవ్ అన్నది.

అవును, నేను ఓదెమ్మ.
ఓదెల మల్లన్నకు మొక్కితె పుట్టిన్నట.
జీతాల రిజిస్టర్ల మాత్రం వదినమ్మ అని పడ్డది.
దిద్దమంటె రేపు రా అన్నరు.
ముప్పై ఒక్క ఏండ్లు సర్కారుకు వదినెనైతి.

మా అన్న పేరు పెంటయ్య.
వానికి ముందు ముగ్గురు పోయిండ్రు.
పెంటకుప్పల పొర్లిచ్చి మల్ల ఎత్తుకున్నది అమ్మ.
సావు ముక్కు మూసుకొని ఎన్కకు మళ్లిందట.
ఇప్పుడు డెబ్బై రెండు, గుట్టోలె ఉన్నడు.
అందుకే పేరంటె నాకు ముద్దు గాదు,
కావలి.

ఇప్పటోళ్లు ఫోన్ల వెతుకుతున్నరు.
అయ్యగారు ధ తోటి రావాలన్నడట:
ధన్విక్, ధియాన్ష్, ధ్రువిన్.
నా నాలికె తిరగదు గని
మంచిగనే ఉంటయి, స్టీలు గిన్నెల చప్పుడోలె.
నేను పేరు వెట్టను. పేర్లు పెట్టుడే తెల్సు నాకు.

ఒక్క పేరు మాత్రం ఒక్కసారే పెట్టిన.

ఎండకాలం. పదమూడో నంబరు మంచం.
పిల్ల పుట్టింది, ఏడ్వలే.
డాక్టరమ్మ అరికాళ్లు తట్టింది,
వీపు రుద్దింది, గొట్టం పెట్టింది,
గడియారం చూసింది.
బయట నల్లా కాడ బిందెల లొల్లి.
పిల్ల ఏడ్వలే.
కాయిదంల పేరు రాసే గడి
ఖాళీగనే ఉంటదని నాకెర్కే.
తెల్లబట్టల చుట్టి తండ్రి చేతుల పెట్టే ముందు
చెవుల చెప్పిన:
నిమ్మలం.
నా బిడ్డా, నిమ్మలం.
తర్వాత ఎంత కుదురుగ పండే పిల్లొచ్చినా
ఆ పేరు ఇయ్యలే.
ఇస్తె దాని దగ్గర గుంజుకున్నట్టుంటదని.

రిటైరై నాలుగేండ్లు.
మొన్న చౌరస్తల జామకాయల బండి కాడ
ఒక పోరడు బేరమాడుతుండు,
చెవులు చిల్లులు వడేటట్టు.
ఇరవై ఉంటయేమో వానికి.
నోట్లెకెంచి దుంకింది:
మత్తడీ!

వాడు మళ్లి సూడలే.
జామకాయలామె తక్కెడ ఆపి నా దిక్కు చూసింది.
ఏ ఊర్ల దుంకిందక్కా?

పాకాలది చెల్లే.
శానా ఏండ్లాయె, అన్న.
కిలో తూకం వేయించుకొని ఇంటికొచ్చిన.